రిబ్బన్ ఆట, అమ్మమ్మ ప్రశ్నలు

బెంగళూరు వచ్చాక మా అమ్మాయిని కూచిపూడిలో చేర్పించాం. ఇప్పుడది రిబ్బన్, బంతి లాంటివాటితో సంగీతానికి ఆడే రిథమిక్ జిమ్నాస్టిక్స్ మీద కూడా మనసు పడింది. గుంటూరులో ఉన్న మా అమ్మకు ఇది మింగుడు పడలేదు. "కూచిపూడి ఉండగా ఈ రిబ్బన్లు ఊపడమేమిటే?" అంది.

జవాబు చెప్పే పని పిల్లకే వదిలేశాను. బయట కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడే పిల్ల, అమ్మమ్మతో తెలుగులోనే చెప్పాలి కదా! వీడియో కాల్‌లో ఎంత ఓపిగ్గా చెప్పిందో. "13 మీటర్ల చదరం అమ్మమ్మా, గీత దాటకూడదు. నిమిషంన్నరలోపు అయిపోవాలి. బంతిని పైకి విసిరి, అది కిందికి వచ్చేలోపు గిర్రున తిరిగి పట్టుకోవాలి. జారిపోతే మార్కులు పోతాయి. దాని వెంట ఎంత దూరం పరిగెడితే అంత కోత."

అమ్మ కాసేపు ఆలోచించి, "మన తరంగంలో పళ్ళెం అంచు మీద నిలబడి, తల మీద చెంబు పెట్టుకుని ఆడినట్టన్నమాట" అంది. నాకు చాలా సంతోషమేసింది.

హూప్ అనే పెద్ద రింగు, బంతి, క్లబ్స్ అనే సీసాల్లాంటి రెండు కర్రలు, రిబ్బన్, కొన్ని పోటీల్లో తాడు. సంగీతానికి తగ్గట్టు వీటితో ఆడాలి. ఈ ఆట 1984లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఐదుగురి బృంద పోటీ 1996లో. ఒలింపిక్స్‌లో ఇప్పటికీ ఆడపిల్లలకే. మన హైదరాబాద్ అమ్మాయి మేఘనా రెడ్డి 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఆడింది. ఆ వీడియోలు మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో!

పెద్దవాళ్ల రిబ్బన్ 6 మీటర్లుంటుంది, చిన్నపిల్లలది పొట్టిది. ఆట సాగినంతసేపూ అది ఆడుతూనే ఉండాలి. ముడి పడిందా, మార్కులు పోయినట్టే. అందుకే ప్రాక్టీసయ్యాక మడతపడకుండా అట్టగొట్టానికి చుట్టిపెడుతుంది.

కష్టమంతా కాళ్లది. కూచిపూడి టీచరు మోకాళ్లు వంచి అరమండిలో కూర్చుని పాదం నేలకు కొట్టమంటారు. జిమ్నాస్టిక్స్ కోచ్ మోకాలు బిగించి, వేలికొసలు సాచమంటుంది. ఏదో ఒకటి మానిపించమని తెలిసినవాళ్లంతా సలహా. ఒప్పుకోలేదు. ఏ గదిలో ఎలా నిలబడాలో పిల్లకు తెలుసు, ఇంట్లో ఒక భాష, స్కూల్లో ఇంకో భాష తెలిసినట్టే. నేను పట్టుబట్టిందల్లా ఒక్కటే: కాళ్లు రెండూ పూర్తిగా చాపి నేలకు ఆనించే స్ప్లిట్స్ కోసం పిల్లల్ని బలవంతంగా నొక్కే చోట చేర్పించను. నొప్పి అంటే ఆపే కోచ్ దొరికేదాకా వెతికాం.

సంక్రాంతికి రిబ్బన్ కూడా ఊరికి వస్తోంది. డాబా మీద బట్టల తీగలు విప్పించేస్తానని అమ్మ ఇప్పటికే చెప్పింది.