పెంకుకు వెండి కట్టు: నా అనుభవం

సముద్రతీరంలో ఏరిన పింగాణీ పెంకులతో, పాత సీసాల గాజుతో నగలు చేయాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న, పెంకుకు రంధ్రం ఎలా వేయాలన్నది. అది కష్టమే కానీ నేర్చుకుంటే వచ్చే పని. అసలు పరీక్ష ఆ తరువాత, పెంకును వెండిలో బిగించే దగ్గర ఎదురవుతుంది. నడుమ నీలిపూల పెంకు, ఇరువైపులా ఆకుపచ్చ గాజు ముక్కలతో నేను చేసిన కంఠహారం ఈ వారమే పూర్తయింది. ఒక్క పెంకూ కదలడం లేదు, ఒక్క కట్టూ ఊడడం లేదు. దీనికోసం పడిన శ్రమ, విన్న మాటలు మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే రాసిపెడుతున్నాను.

ఏరడం గురించి చెప్పవలసింది తక్కువ. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు మా విశాఖపట్నంలో జోడుగుళ్ళపాలెం నుంచి భీమిలి దాకా రాళ్ళున్న తీరంలో నిదానంగా నడిస్తే, అలలకు అంచులు అరిగి మసకబారిన గాజు ముక్కలు దొరుకుతాయి. పింగాణీకి మాత్రం వన్‌టౌన్‌లో పాత ఇళ్ళు కూలగొట్టే చోట్లు మేలు. అక్కడి మేస్త్రీని మర్యాదగా అడిగితే ఊరగాయ జాడీల ముక్కలు, నీలం గీతల పళ్ళేల ముక్కలు సంచిలో వేసి ఇస్తాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా ఇంటి వెంటిలేటరు రంగు అద్దం పగిలితే, ఆ ముక్కలను అమ్మ పాత డబ్బాలో దాచి ఉంచింది. నా మొదటి చెవి లోలాకులు వాటితోనే చేశాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ అనే ప్రాచీన బౌద్ధ క్షేత్రాలలో నేల మీద పడి ఉన్న పెంకును కూడా ముట్టుకోకూడదు. అవి రక్షిత స్థలాలు, అక్కడి నుంచి ఏదైనా తీసుకెళ్ళడం నేరం. చట్టం సంగతి అటుంచినా, తవ్వకాలు జరిపేవారికి పెంకు విలువ దాని అందంలో ఉండదు, అది ఏ పొరలో, ఏ గోడ పక్కన, దేనితో కలిసి పడి ఉందన్న దానిలో ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ భిక్షువులు ఎలా వండుకున్నారో, ఎందులో నీళ్ళు తాగారో చెప్పగలిగే సాక్ష్యాన్ని జేబులో వేసుకొచ్చి లాకెట్టు చేసి, దాన్ని గొప్పగా చూపించుకునేవారిని నేను చూశాను. వారితో కలిసి ప్రదర్శనలో కూర్చోవడానికి నాకు మనసొప్పదు.

కడగడం, ఎండబెట్టడం, రంగుల వారీగా వేరుచేయడం ఒక పూట పని. అరగదీయడం ఓపికతో కూడుకున్నది. ముక్కను టైల్స్ కట్టర్‌తో ఉజ్జాయింపుగా కోసి, వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) మీద 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400, 600 వరకు వెళ్ళాలి. ఎప్పుడూ తడి మీదే రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెచ్చిపెడుతుంది. పాత పింగాణీ మెరుపు పూతలో సీసం కూడా ఉండవచ్చు. కాబట్టి మాస్కు పెట్టుకోవాలి, ఆ నీళ్ళను వంటింటి తొట్టిలో పారబోయకూడదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. సీసాలను కరిగించి కొత్త పూసలు చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొలిమి ఉన్నంత మాత్రాన అది కుదరదు. వేర్వేరు సీసాల గాజు వేడికి వేర్వేరుగా వ్యాకోచిస్తుంది, కలిపి కరిగిస్తే చల్లారేటప్పుడు చీలిపోతుంది. ఒకే సీసా గాజైనా దాదాపు 500 డిగ్రీల పైనుంచి చాలా నిదానంగా చల్లార్చాలి. అందుకే నేను సీసా అడుగున ఉండే మందపాటి గాజును కోసి, అరగదీసి వాడుతున్నాను.

రంధ్రానికి డైమండ్ బిట్ మేలు. నాకు ఒక దుకాణదారుడు డైమండ్ అని చెప్పి అమ్మిన బిట్ల పూత మొదటి పింగాణీ ముక్కతోనే ఊడిపోయి లోపలి మామూలు ఉక్కు బయటపడింది. తిరిగి తీసుకోమంటే బిల్లు లేదన్నాడు. కాబట్టి బిల్లు లేకుండా కొనకండి. పెంకును పళ్ళెంలో, నీటి అడుగున, పాత రబ్బరు చెప్పు ముక్క మీద పెట్టాలి. బ్యాటరీతో నడిచే చిన్న డ్రిల్లుతో మొదట బిట్‌ను ఏటవాలుగా ఆనించి చిన్న గాటు పడ్డాక నిటారుగా నిలపాలి. సగం లోతు ముందు నుంచి, మిగతా సగం వెనుక నుంచి వేస్తే పూత పెచ్చులూడదు. నొక్కకూడదు, మాటిమాటికీ ఎత్తుతూ ఉండాలి.

రంధ్రం వేసి కొక్కెం తగిలిస్తే లోలాకు తయారవుతుంది, కానీ హారం కాదు. మెడకు ఆనే ముక్క అంచు చర్మాన్ని గీరకూడదు, రంధ్రం దగ్గర బరువు పడి విరగకూడదు. అందుకు ముక్క చుట్టూ వెండి రేకు గోడలా నిలబడాలి. ఆ పని స్వర్ణకారుల చేత చేయించవచ్చని నేను పాత ఊళ్ళో ఒక వెండి నగల దుకాణానికి వెళ్ళాను. దూది పరిచిన డబ్బాలో నా పెంకులు వరుసగా పేర్చుకుని తీసుకెళ్ళాను. యజమాని మూత తీసి చూసి, ఒక ముక్కను గోటితో తోసి, "ఏటమ్మా ఇవి, పెంకులా?" అన్నాడు. పక్కనే పెళ్ళికి వెండి సామాను కొంటున్న కుటుంబం ఉంది. వారందరూ వినేలా, "చావింట్లో పగలగొట్టేది మెళ్ళో ఎవరేసుకుంటారమ్మా? శుభమా అని బేరం జరుగుతుంటే ఇయ్యా తెచ్చేది?" అన్నాడు. ఆ పెద్దావిడ పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని అవతలి బల్ల దగ్గరికి తీసుకుపోయింది. నేను డబ్బా మూసి బయటికి వచ్చాను. చదువుకున్నదాన్ని, పదిమందిలో మాట్లాడగలిగినదాన్ని, ఆ క్షణంలో నాకు నోట మాట రాలేదు.

అతనికి అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ చెబుతాను. పగిలిన కుండను చావుతో మాత్రమే ముడిపెట్టేవారు, పెళ్ళిలో అరివేణి కుండలను కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకుంటామన్న సంగతి ఎందుకు మరచిపోతారు? జాడీ పగిలేనాటికి అది ఎన్ని వేసవుల ఆవకాయను కాపాడి ఉంటుందో ఎవరు లెక్కపెట్టారు? పళ్ళెం పగిలింది ఒక్క రోజే, దానికి ముందు ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో అన్నం పెట్టింది. నమ్మకం ఉన్నవారు నా నగలు కొనవద్దు, వారిని నేను తప్పుపట్టను. కానీ పని అడగడానికి వచ్చిన మనిషిని నలుగురిలో అపశకునంగా నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. మరో రెండు మూడు చోట్ల మర్యాదగానే మాట్లాడారు కానీ, పగిలితే తమది పూచీ కాదన్నారు, రత్నాలు పొదిగే కూలి కంటే ఎక్కువ అడిగారు. దానితో ఈ పని నేనే నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

వీడియోలు చూసి నేర్చుకోబోతే పని ముందుకు సాగలేదు. రేకు కోసి, అతికి, పెంకును లోపల కూర్చోబెట్టి అంచును లోపలికి వంచగానే పెంకు నడిమికి విరిగేది, లేదా కట్టు పైకి జారి ఊడివచ్చేది. వీడియోలలో చూపేవన్నీ సానబట్టిన రాళ్ళు. వాటి అడుగు చదునుగా ఉంటుంది, పై అంచుకు వాలు ఉంటుంది. పళ్ళెం ముక్క అలా కాదు, దాని అడుగు వంపు తిరిగి ఉంటుంది, ఒక పక్క మందం, మరో పక్క పలుచన. ఆ తేడాను ఎవరూ చెప్పలేదు. చివరికి కురుపాం మార్కెట్ దగ్గరి సందులో, ఇంటి అరుగు మీద కుంపటి పెట్టుకుని పనిచేసే ఒక ఆచారి గారు నాకు దారి చూపారు. నా డబ్బా చూసి ఆయన నవ్వలేదు, మొహం చిట్లించలేదు. వెండి కరిగించే మూసను చేతిలోకి తీసుకుని, "ఇదీ మట్టే కదమ్మా. దీన్లో ఎయ్యకుండా ఏ నగ అయ్యింది?" అన్నారు. తరువాత నా పెంకును బల్ల మీద పెట్టి ఒక అంచు మీద వేలితో నొక్కారు. పెంకు ఊగింది. "కింద ఆసరా లేదు. ఊగేదాన్ని నొక్కితే ఇరక్క ఏం సేస్తాది?" అన్నారు. నాకు అంతవరకు అంతుపట్టనిది ఆ ఒక్క మాటతో తెలిసింది.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. ముందుగా పెంకు పై అంచు చుట్టూ 400 నంబరు కాగితంతో సన్నని వాలు తీయాలి, వంచిన వెండికి పట్టు దొరికేది ఆ వాలు మీదే. తరువాత కాగితపు పట్టీని పెంకు చుట్టూ తిప్పి కొలత తీసి, అంతే పొడవున మేలిమి వెండి రేకు కోయాలి. 92.5 శాతం వెండిలో మిగతాది సాధారణంగా రాగి కాబట్టి అది గట్టిగా ఉంటుంది, పెంకు కింద ఉండే పీఠపు రేకుకు మంచిది. చుట్టు గోడకు మాత్రం మెత్తగా వంగే మేలిమి వెండే కావాలి. కొనేటప్పుడు శాతం ఎంతో అడిగి బిల్లు మీద రాయించుకోండి. రేకు రెండు కొసలనూ ఆకురాయితో వెలుతురు దూరనంత సమంగా రుద్ది కలపాలి. వెలిగారాన్ని (బోరాక్స్) నీటితో అరగదీసి అతుకు మీద పూసి, టంకం (అతికే లోహం) ముక్కను ఆనించి, బొగ్గు మీద పెట్టి మంట ఊదాలి.

ఊదడంలోనే ఈ పని కీలకం ఉంది. వెండి వేడిని క్షణంలో నలువైపులకూ పంచేస్తుంది. మంటను టంకం మీద పెడితే టంకం ఉండకట్టుకుని అలాగే కూర్చుంటుంది. మొత్తం ముక్కను చుట్టూ తిప్పుతూ వేడిచేస్తే, వెండి మందారపు ఎరుపుకు వచ్చే ముందు టంకం కళ్ళు తెరిచినట్టు మెరిసి అతుకు పొడవునా పాకుతుంది. ఆ మెరుపు కనబడగానే మంట తీసేయాలి. మేలిమి వెండి కరిగేది సుమారు 962 డిగ్రీల దగ్గర, టంకం అంతకంటే చాలా ముందే కరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే పని ముగించాలి. గోడను పీఠానికి అతకడం కూడా పెంకు లేకుండానే జరగాలి, ఎందుకంటే ఆ మంటకు పింగాణీ గానీ గాజు గానీ నిలవదు. అతికాక పటిక నీళ్ళలో మరిగించి, కుంకుడు రసంతో కుచ్చు వేసి తోమితే నల్లబారిన వెండి తెల్లబడుతుంది.

తరువాత లక్క. లక్కలో ఇటుక పొడి కలిపి కరిగించి వెండి గూటిలో పలుచగా పోసి, అది ఇంకా మెత్తగా ఉండగా, గోరువెచ్చగా కాచిన పెంకును దాని మీద కూర్చోబెట్టాలి. వంపు ఉన్న చోటల్లా లక్క నిండుతుంది. చల్లారాక ఏ అంచు మీద వేలు పెట్టి నొక్కినా పెంకు ఊగదు. అప్పుడే గోడను వంచాలి. వరుసగా చుట్టూ వంచుకుంటూ పోతే మిగులు వెండి అంతా చివరి మూలకు చేరి ముడత పడుతుంది. తూర్పున ఒక నొక్కు, పడమరన ఒకటి, తరువాత ఉత్తరం, దక్షిణం, ఆ తరువాత మూలలు. గాజుకు మరో జాగ్రత్త ఉంది. లక్క వెనుక నుంచి నల్లగా కనిపిస్తుంది కాబట్టి గాజుకూ లక్కకూ మధ్య నలగని పలుచని వెండి రేకు పరచాలి. ఎందుకూ కొరగాదని పారేసిన సీసా అడుగు ఆ రేకు మీద పచ్చలా వెలుగుతుంది. ఆచారి గారు మొదటిసారి దాన్ని ఎండలోకి ఎత్తి చూసి, మా ఇంటావిడకు చూపిస్తానని లోపలికి తీసుకెళ్ళారు. నా పనికి అంతకంటే పెద్ద మెప్పు నాకు అక్కర్లేదు.

గొలుసు, కొక్కేలు తగిలించడం సులువు. తీగను కమ్మచ్చులో (రంధ్రాలున్న ఉక్కు పలకలో) లాగి సన్నం చేసుకుంటే బజారులో కొనే కొక్కేల కంటే నిలకడగా ఉంటాయి. ధర విషయంలో మాత్రం తగ్గకండి. "పెంకుకు ఇంతా?" అని అడిగేవారికి, వెండి బరువు ఎంతో, అరగదీయడానికి పట్టిన సమయం ఎంతో వేరువేరుగా చెబుతాను. ఆపైన బేరమాడితే డబ్బా మూసేస్తాను.

హారాన్ని చూసిన ఒక వ్యాపారి, కార్డు మీద "డచ్చివారి కాలం నాటి పెంకు" అని రాస్తే ధర పెరుగుతుందని సలహా ఇచ్చారు. భీమిలిలో డచ్చివారు స్థావరం పెట్టుకున్న మాట, వారి సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్న మాట నిజమే. అంతమాత్రాన భీమిలి ఇసుకలో దొరికిన ప్రతి నీలం గీత డచ్చివారిది కాదు. పైగా 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చేతిపని వస్తువు పురావస్తువు కింద లెక్క. దాన్ని అమ్మే వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. అంటే ఆ కార్డు అయితే అబద్ధం అవుతుంది, కాకపోతే నేరం అవుతుంది. పాతదేమోనని అనుమానం కలిగించే ముక్కను నేను ఎత్తనే ఎత్తను. నా కార్డు మీద పెంకు దొరికిన చోటు, గాజు ఏ రకం సీసాదన్నది, వెండి శాతం, వెనుక లక్క ఉంది కనుక వేడి నీళ్ళకూ ఎండలో నిలిపిన కారుకూ దూరంగా ఉంచమన్న సూచన ఉంటాయి.