కాన్సస్‌లో వనపర్తి తెలుగు

పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో చేరకుండా ఏడాది పాటు ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా అమెరికా వెళ్తున్నానని తెలియగానే నరసరావుపేటలో మా చుట్టాలకు పట్టుకున్న బెంగ ఇంటర్ గురించే. కోచింగ్‌లో ఒక ఏడాది వెనకబడితే మళ్లీ అందుకోగలదా అని నాన్నని కూర్చోబెట్టి మరీ అడిగారు. డల్లాస్‌లో ఉండే పిన్నిది మాత్రం వేరే గొడవ. "నువ్వుండబోయే ఇంటివాళ్లకు నెలకు ఎంతిస్తారు?" అంది. ఏమీ ఇవ్వరు పిన్నీ అంటే నమ్మలేదు. "డబ్బు తీసుకోకుండా పరాయి పిల్లని ఏడాది పాటు తిండి పెట్టి ఎవరుంచుకుంటారే? ఏదో మతలబు ఉండే ఉంటుంది, జాగ్రత్త."

నిజంగానే ఇవ్వరు. జె-1 వీసా మీద హైస్కూల్లో చదవడానికి వచ్చే పిల్లల్ని ఉంచుకునే కుటుంబాలకు డబ్బు ముట్టకూడదని అక్కడి ప్రభుత్వ నిబంధన. మహా అయితే పన్ను లెక్కల్లో నెలకు 50 డాలర్ల దాకా విరాళం కింద చూపించుకోవచ్చు. మేం ఇక్కడ ఏజెన్సీకి కట్టింది లక్షల్లో. నాకు గది ఇచ్చి, అన్నం పెట్టి, స్కూలుకి దింపి, జ్వరమొస్తే రాత్రంతా లేచి చూసినవాళ్లకు అందులో ఒక్క డాలరు కూడా చేరలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2014 ఆగస్టులో వెళ్లాను. మొదటి ఇల్లు కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో. ఆ ఊళ్లో ఎవరిని కదిపినా విమానాల ఫ్యాక్టరీ మాటే, మా హోస్ట్ నాన్న, అంటే నన్ను ఉంచుకున్న ఇంటాయన, పని కూడా అందులోనే. మంచివాళ్లు, కాకపోతే సాయంత్రం ఐదున్నరకే రాత్రి భోజనం అయిపోయేది, ఎనిమిదింటికి మళ్లీ కడుపు నకనకలాడేది, ఫ్రిజ్ తీయాలంటే మొహమాటం. స్కూల్ క్యాంటీన్‌లో చలికాలం రాగానే చిల్లీ, దాంతోపాటు సినమన్ రోల్ పెట్టేవాళ్లు. కారం కూరలో తీపి బన్ను ముంచుకుని తినడం ఆ రాష్ట్రం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చిల్లీలో బీఫ్ ఉంటుంది కాబట్టి నాకు రోల్ ఒక్కటే దక్కేది. బస్సులు అంతంతమాత్రం, ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు కారు తీయాలి, ప్రతిసారీ అడగాలి. అప్పట్లో మన దగ్గర ఆటో ఎక్కి పది రూపాయలిస్తే అయిపోయే పనికి అక్కడ ఇద్దరు పెద్దవాళ్ల టైమ్ చూసుకోవాలి. ఆ అడగడమే నాకు చదువు కంటే కష్టమైంది.

జనవరిలో హోస్ట్ నాన్నకి వేరే రాష్ట్రానికి బదిలీ అయింది. ఇల్లు మారడం ఈ ప్రోగ్రాముల్లో మామూలే అంటారు గానీ, పదహారేళ్ల పిల్లకి రెండు సూట్‌కేసులు పక్కన పెట్టుకుని నన్నెవరు తీసుకుంటారా అని ఎదురుచూడటం మామూలు సంగతి కాదు. లోకల్ కోఆర్డినేటర్ నా ఫైలు నాలుగైదు కుటుంబాలకు పంపింది. చివరికి గోసెల్ అనే చిన్న ఊరి దగ్గర గోధుమ రైతులు రమ్మన్నారు.

వాళ్లు మెనొనైట్లు, యుద్ధంలో ఆయుధం పట్టకూడదని నమ్మే క్రైస్తవులు. వాళ్ల పూర్వీకులు 1874లో దక్షిణ రష్యా నుంచి, అంటే ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి, రైల్వే కంపెనీ అమ్మిన భూములు కొనుక్కుని ఇక్కడ దిగారు. వస్తూ వస్తూ టర్కీ రెడ్ అనే గోధుమ విత్తనం తెచ్చుకున్నారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో విత్తితే మంచు కింద చలికాలం గడిపి జూన్‌లో కోతకొస్తుంది. కాన్సస్ గోధుమల రాష్ట్రం అయిందంటే ఆ విత్తనం చలవే అని హోస్ట్ నాన్న ఎన్నిసార్లు చెప్పినా విసుగు లేకుండా చెప్పేవాడు. మా తాతయ్య పత్తి గురించి చెప్పేటప్పుడు కూడా అంతే, వినేవాళ్లకి ఆసక్తి ఉందా లేదా అని చూడడు.

మార్చిలో ఒక ఆదివారం హోస్ట్ అమ్మ "ఈ రోజు హిల్స్‌బరో చర్చికి వెళ్దాం, మంచి బట్టలు వేసుకో" అంది. ఎందుకో చెప్పలేదు. రోడ్డుకి రెండువైపులా గోధుమ పైరు జానెడెత్తు లేచి పచ్చగా ఉంది, దూరంగా తెల్లటి ధాన్యం గోదాములు. ప్రార్థన అయ్యాక కింద హాల్లో భోజనాలు. తలా ఒక గిన్నె తెచ్చారు. కజ్జికాయ ఆకారంలో ఉండే వెరెనికే, లోపల కాటేజ్ చీజ్, పైన హ్యామ్ గ్రేవీ. గ్రేవీ లేకుండా నాకు విడిగా తీసిపెట్టారు. ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే వెనక నుంచి వినబడింది.

"గట్ల నిలవడ్డవేంది బిడ్డా, కూసో. మీదే ఊరు?"

తిరిగి చూస్తే ఎనభై దాటిన తెల్లావిడ. చేతికర్ర, పూల గౌను, చెవిలో వినికిడి మెషిన్. నాకు నోట మాట రాలేదు. గుంటూరు జిల్లా అన్నాను. "అగో, కోస్తోళ్లు" అని పక్కనున్నవాళ్లతో ఇంగ్లిష్‌లో ఏదో చెప్పి గట్టిగా నవ్వింది. ఏడు నెలలుగా ఫోన్లో తప్ప మనిషి నోట తెలుగు వినలేదు నేను. విన్నది పాలమూరు తెలుగు, అదీ కాన్సస్‌లో, ఒక తెల్లావిడ నోట. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అప్పుడు తెలిసింది కథంతా. మెనొనైట్లలోనే ఒక శాఖ అయిన మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు 1899లోనే హైదరాబాద్ చేరారు. శంషాబాద్, మహబూబ్‌నగర్, వనపర్తి, దేవరకొండ, అన్నీ వాళ్లు పనిచేసిన ఊళ్లే. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి గురించి పాలమూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పల్లెల మీద పరిశోధన చేసిన పాల్ హీబర్ట్ పుట్టింది శంషాబాద్‌లో, చదివింది ఈ హిల్స్‌బరోలోనే ఉన్న టేబర్ కాలేజీలో. మన చరిత్ర పుస్తకాల్లో ఇవేవీ చదివిన గుర్తు లేదు నాకు. మా హోస్ట్ అమ్మకి మాత్రం చిన్నప్పుడు చర్చిలో మిషనరీల ఉత్తరాలు చదివి వినిపించేవాళ్లట. నా ఫైల్లో మాతృభాష దగ్గర తెలుగు అని చూసి, ఈ పిల్ల మనింటికే రావాలి అందట.

పెద్దావిడ ఉండేది వృద్ధుల కోసం కట్టిన చిన్న అపార్ట్‌మెంట్‌లో. భోజనం అయినా సరే రావాల్సిందేనని తీసుకెళ్లింది. అన్నం, మసూర్ పప్పు, పచ్చిపులుసు. ఉల్లిపాయలు పిసికి, పచ్చిమిర్చి కాల్చి చేసిన అసలైన పచ్చిపులుసు. స్పూన్ పక్కన పెట్టి చేత్తో కలిపింది. వేళ్ల కొనలు తప్ప అరచేయి తడవలేదు. మా నానమ్మ అచ్చం అలాగే తింటుంది. హోస్ట్ అమ్మ కూడా ప్రయత్నించి ఒళ్లో సగం పోసుకుంది, పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని ముద్ద ఎలా కట్టాలో చూపించింది.

తిన్నాక తన సంగతులు చెప్పింది. పుట్టింది, పెరిగింది వనపర్తి. ఆరేళ్లకే కొడైకెనాల్ హాస్టల్‌కి పంపించారు. వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలెక్కేటప్పుడు అమ్మ కోసం కాదు, ఆయా కోసం ఏడ్చేదట. పదిహేడేళ్లకు చదువుకి కాన్సస్ పంపిస్తే మేనమామ వరస ఆయన పొలం ఇంట్లో ఉంది. అందరూ సొంత ఊరికి వచ్చావు అనేవాళ్లు. ఆవిడకేమో మంచు కొత్త, కారు కొత్త, రోజంతా ఇంగ్లిష్ మాట్లాడితే తలనొప్పి. "నేను సుత నీ లెక్కనే ఉంటి" అంది. పిన్ని అడిగిన డబ్బు సంగతి చెప్పాను. ఆవిడేమీ అనకుండా లేచి బీరువాలోంచి విదేశాలకు రాసే నీలం ఏరోగ్రామ్ ఉత్తరం ఒకటి తెచ్చింది. చూపు మందగించి చదవలేకపోతున్నా, చదివిపెట్టు అంది.

ఆయా కూతురు రాసింది. మడతల దగ్గర చిరిగింది, సిరా వెలిసింది. "మేమందరం క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" తర్వాత వానలు, బియ్యం ధర, కోడలి కాన్పు. చివర్లో, "మీ పాపను ఎండాకాలం సెలవులకు మా ఇంటికి పంపియ్యండి. మామిడికాయలుంటయి. నెలైనా రెండు నెలలైనా మా పిల్లలతోని ఉంటది, నేను చూసుకుంట" అని ఉంది. ఒకసారి చదివాక మళ్లీ చదవమంది. పంపారా అని అడిగాను. లేదట, ముగ్గురు పిల్లలు, అప్పట్లో విమానం టికెట్ కొనే స్థితి లేదట. "పంపాల్సుండె" అంది, అంతే.

ఆ రాత్రి పిన్నికి ఫోన్ చేసి ఉత్తరం మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత హోస్ట్ అమ్మ చీర కడుతుందా, బ్లౌజ్ సైజెంత అని అడిగింది.

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా హిల్స్‌బరో వెళ్లేవాళ్లం. మా నాన్న పంపిన డబ్బుల్లోంచి పెట్రోల్‌కి ఇస్తానంటే హోస్ట్ నాన్న కోప్పడ్డాడు. ఆ మార్చిలోనే ఉగాది పచ్చడి చేద్దామంటే వేప పువ్వు దొరకలేదు, మామిడికాయ ఒక్కటి రెండు డాలర్లు, అదీ పులుపు లేనిది. మే నెలకి పైరు బంగారు రంగు తిరగడం మొదలైంది. కంబైన్ అనే కోత మిషన్‌లో పక్క సీటు నీదే, కోతకి ఉండు అని హోస్ట్ నాన్న అడుగుతూనే ఉన్నాడు. రెండు వారాలు ఉంచమని మేమంతా ఏజెన్సీకి మెయిల్ పెట్టాం. స్కూలు అయిపోయింది కాబట్టి టికెట్ తేదీ మార్చం అన్నారు. జూన్ మొదటి వారంలో విమానం ఎక్కించేశారు. కోత పదిహేనో తేదీకి మొదలైంది.