లీచీ వ్యాధి: పీసీఆర్ బ్యాండు ఒక్కటే చాలదు

మూడు నుంచి ఆరు వారాల బ్రాయిలర్లు, బాగా మేస్తున్నవే, ఉన్నట్టుండి చచ్చిపోతుంటాయి. కోసి చూస్తే గుండె సంచి నిండా గడ్డిరంగు నీరు, అందులో తొక్క తీసిన లీచీ పండులా గుండె. కాలేయం వాచి, పాలిపోయి, వేలు తగిలితే చిదిగేలా ఉంటుంది. 1987లో కరాచీ దగ్గరి అంగారా గోఠ్‌లో బయటపడ్డ జబ్బే ఇది. కారకం ఫౌల్ అడినోవైరస్ (కోళ్ల వైరస్) 4వ సీరోటైపు, అంటే 4వ రకం. అసైటిస్ (నీటిపొట్ట) అని పొరబడకండి, అందులో నీరు ప్రధానంగా పొట్టలో చేరుతుంది.

అప్పుడే చచ్చిన నాలుగైదు కోళ్ల కాలేయం తీసుకోండి. సగం 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి: ముక్క మందం అర సెంటీమీటరు దాటకూడదు, ఫార్మలిన్ పదింతలుండాలి. ఈ సగంలోనే, కాలేయ కణాల కేంద్రకాల్లో ఇంక్లూజన్ బాడీలు (వైరస్ వల్ల ఏర్పడే ముద్దలు) సూక్ష్మదర్శినిలో కనిపించాలి. మిగతా సగం ఐసులో పీసీఆర్‌కు (వైరస్ డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి పట్టే పరీక్షకు) వెళ్లాలి. దానికి ఫార్మలిన్ తగలనివ్వొద్దు. రెట్ట స్వాబ్ పంపి పాజిటివ్ వచ్చిందని కంగారుపడటం దండగ, ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పేగుల్లోనూ అడినోవైరస్‌లు ఉంటాయి.

కాలేయాన్ని పీబీఎస్‌ (ఉప్పు ద్రావణం)లో 10 శాతం ముద్దగా నూరి, మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేట నుంచి డీఎన్ఏ తీస్తారు. హెక్సాన్ (వైరస్ పైతొడుగు ప్రొటీన్) జీన్‌లో ఎల్1 లూప్ అనే భాగానికి వాడే ప్రైమర్లు (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) 12 సీరోటైపులనూ పట్టుకుంటాయి, బ్యాండు (జెల్‌లో కనిపించే డీఎన్ఏ గీత) 897 బేస్‌పెయిర్ల పొడవు దగ్గర పడుతుంది. పడకపోతే వెంటనే నెగటివ్ అని రాసేయకండి. కాలేయంలోని రక్తం పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. డీఎన్ఏను పదింతలు పలుచన చేసి మళ్లీ నడపండి, పరీక్ష పనిచేసిందో లేదో తెలియడానికి కోడి జీన్ ఒకటి కంట్రోల్‌గా పెట్టండి.

బ్యాండులోని డీఎన్ఏను రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించాలి, అంటే బేస్‌ల వరసను చదివించాలి. క్రోమాటోగ్రామ్‌లో (ఆ చదివిన గ్రాఫులో) ఒకే చోట రెండేసి శిఖరాలు వరసగా కనిపిస్తే రెండు టైపులు కలిసి ఉండొచ్చు. ఆ సీక్వెన్స్‌తో ట్రీ (వైరస్‌ల వంశవృక్షం) గీయడం శుద్ధ దండగ. ట్రీలో 12 టైపుల రిఫరెన్సులూ ఉండాలి. ఈ శ్రమంతా టీకా కోసమే: ప్రధానంగా కాలేయాన్ని దెబ్బతీసే 2, 8ఎ, 8బి, 11 టైపులు తేలితే 4వ టైపు టీకాను నమ్ముకోలేం.

ఎల్1 లూప్ టైపు చెబుతుంది, తీవ్రత చెప్పదు. చైనాలో 2015 నుంచి వ్యాపించిన స్ట్రెయిన్లలో 1,966 బేస్‌ల లోపం ఉంది, తీవ్రతకు కారణంగా మొదట దాన్నే అనుమానించారు. తర్వాతి ప్రయోగాలు హెక్సాన్ 188వ అమైనో ఆమ్లాన్ని, ఫైబర్-2 అనే ముల్లు ప్రొటీన్‌ను పట్టి చూపాయి. అందుకే 897 బేస్‌లు చూసి రిపోర్టులో "అతి తీవ్రమైన స్ట్రెయిన్" అని రాయడం తొందరపాటే.

అదే డీఎన్ఏలో చికెన్ అనీమియా వైరస్‌నూ వెతకండి, రోగనిరోధకశక్తిని అది దెబ్బతీస్తుంది. అలాగే దెబ్బతీసే మరో జబ్బు గంబోరోది ఆర్ఎన్ఏ వైరస్, దానికి బర్సా (తోక దగ్గరి రోగనిరోధక అవయవం) విడిగా తీసి ఉంచాలి.