‘వద్దు’ అన్న మాట వినగలిగే మనిషి

నాకిప్పుడు 38 ఏళ్ళు. పగ్గాలు మరొకరి చేతికి ఇచ్చి వారి మాట ప్రకారం నడుచుకోవడంలో నాకు గొప్ప ఊరట ఉందన్న సంగతి తెలిసి పదేళ్ళు దాటింది గాని, దానిని దాపరికం లేకుండా రాయడం ఈమధ్యనే అలవాటైంది. పగలంతా పదిమందికి పని పురమాయించి వారి తప్పొప్పులకు పూచీ పడే మనిషి, ఇంటికి వచ్చిన తరువాత ఏ బట్టలు కట్టుకోవాలో, ఏ వేళకు నిద్రపోవాలో ఇంకొకరు నిర్ణయిస్తే బాగుండునని కోరుకోవడం చూసేవారికి వింతగా తోచవచ్చు. నా మటుకు నాకు అందులో వింతేమీ కనిపించదు.

ఒకరు డామినెంట్ (ఆజ్ఞాపించేవారు), మరొకరు సబ్మిసివ్ (లొంగి ఉండేవారు) అయినంత మాత్రాన జత కుదిరిపోదు. లొంగి ఉండటం ఇష్టమని చెప్పే పదిమందిని అడిగితే పది రకాల కోరికలు బయటపడతాయి: ఒకరికి అది తలుపు మూసిన తరువాత గంటసేపటి వ్యవహారం, మరొకరికి రోజంతా పాటించవలసిన నియమావళి, ఒకరికి నొప్పి కావాలి, ఇంకొకరికి సేవ చేయడంలోనే తృప్తి. నాకు నియమాలు కావాలి, నొప్పి అక్కరలేదు. ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పకపోవడం వల్ల ఎంతో మర్యాదస్తుడైన ఒకాయనతో నాలుగు నెలలు వృథా అయ్యాయి. తప్పు ఆయనది కాదు, నాదే.

అప్పటి నుంచి, ఎవరితోనైనా మాటలు కాస్త ముందుకు సాగితే ఒక కాగితం పంపిస్తున్నాను. అందులో మూడు నిలువు వరుసలు ఉంటాయి: ‘సరే’, ‘చూద్దాం’, ‘వద్దు’. ఇద్దరమూ విడివిడిగా నింపి, తరువాత పక్కపక్కన పెట్టుకుని చదువుకోవాలి. ఒకరు దానిని పది నిమిషాల్లో తిప్పి పంపారు. ‘సరే’ వరుస కాగితం అంచు దాకా నిండి ఉంది. ‘వద్దు’ కింద మాత్రం ‘నాకు హద్దులంటూ ఏవీ లేవు’ అని ఒకే వాక్యం. ఆయన దానిని ధైర్యమనుకునే రాసి ఉంటారు. తన ‘వద్దు’ ఏమిటో తెలియని మనిషికి నా ‘వద్దు’ వినిపిస్తుందని నేను నమ్మలేకపోయాను.

ఆజ్ఞలు జారీ చేయడం ఎవరికైనా చేతనవుతుంది. కాదన్నప్పుడు ముఖం మాడ్చుకోకుండా ఉండటం కొద్దిమందికే చేతనవుతుంది. అందువల్ల తొలి రోజుల్లోనే ఏదో ఒక చిన్న విషయానికి కావాలని కాదంటాను. ఇలా పరీక్ష పెట్టడం న్యాయమా అంటే, పూర్తిగా కాదేమో. అయినా పరిచయమైన రెండో రోజే తనను ‘సార్’ అని పిలవమన్నవారినీ, ఫోటోలు పంపమన్నవారినీ, ఈ సంగతి స్నేహితులెవరికీ చెప్పవద్దన్నవారినీ చూసిన తరువాత నాకు మొహమాటం తగ్గింది. ఈ మూడింటిలో చివరిదే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

ఆట మధ్యలో ఆపమని చెప్పడానికి ముందే అనుకున్న మాట, అంటే సేఫ్ వర్డ్ గురించి ఈ దారిలో ఉన్నవారందరికీ తెలుసు: ఎరుపు అంటే అక్కడికక్కడే ఆగిపోవాలి, పసుపు అంటే నెమ్మదించి ఎలా ఉన్నావని అడగాలి, పచ్చ అంటే కొనసాగించవచ్చు. మరి నోరు పెగలనప్పుడు ఏం చేయాలి? చేతిలో తాళంచెవుల గుత్తి పట్టుకుని ఉంటే దానిని కింద పడేయడమే సంకేతం కావచ్చు. ఆ ఏర్పాటు తానే ప్రస్తావించిన మనిషి మీద నాకు వెంటనే గౌరవం కలుగుతుంది. ఆజ్ఞాపించేవారు కూడా ‘ఎరుపు’ అనవచ్చునన్న సంగతి చాలామందికి తట్టదు. ఆఫ్టర్‌కేర్, అంటే ఆట ముగిశాక ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. ఆట ముగిసిన వెంటనే దుప్పటి కప్పి మంచినీళ్ళు అందించడం తేలికే. ఒకటి రెండు రోజుల తరువాత కారణం లేకుండా మనసు కుంగిపోయినప్పుడు ఫోన్ ఎత్తుతారా అన్నదే నేను అడిగే ప్రశ్న.

ఇది జబ్బేమోనని ఒక స్నేహితురాలు ఆదుర్దాగా అడిగింది. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11లో, పెద్దవారు పరస్పర సమ్మతితో నడుపుకునే ఇటువంటి వ్యవహారం రుగ్మతల కింద లేదని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘అయితే మొదటిసారి కలిసేటప్పుడు ఎక్కడికి వెళుతున్నావో నాకు చెప్పి వెళ్ళు’ అంది. చెప్పే వెళుతున్నాను, పట్టపగలు, పదిమంది తిరిగే చోటికే.

ఇప్పుడు ఒకరితో మాటలు నడుస్తున్నాయి. కాగితం నింపడానికి ఆయనకు తొమ్మిది రోజులు పట్టింది. ‘చూద్దాం’ వరుసలో రెండు చోట్ల కొట్టివేసి ‘వద్దు’ లోకి మార్చిన గుర్తులు ఉన్నాయి. మొన్న రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తానంటే వీలుపడదన్నాను, కారణం చెప్పలేదు. ‘సరే, మీకు ఎప్పుడు కుదురుతుందో మీరే చెప్పండి’ అన్నారు. తొమ్మిది దాటింది, పది అయింది, ఫోన్ మోగలేదు. మరునాడు ఉదయం నేనే చేశాను. ఆదివారం మధ్యాహ్నం మూడోసారి కలుస్తున్నాం. ఆజ్ఞలేవీ ఇంకా మొదలు కాలేదు.