మండపీత ధర

యానాంలో దిగగానే రేవు దాకా రావడానికి ఆటో అతను 300 అడిగాడు. సంక్రాంతి వెళ్లి రెండు రోజులే అయింది, ఇంకా పండగ రేట్లే నడుస్తున్నాయి. ఒళ్లు మండి, బేరమాడి 220కి ఒప్పించాను. దారి పొడవునా వనామి రొయ్యల చెరువులు, ఏరేటర్ల చప్పుడు. నా చిన్నప్పుడు ఇటు వచ్చినప్పుడు అక్కడక్కడా వరి చూసిన గుర్తుంది.

అసలు నేను బయల్దేరిందే ఒక బేరం వల్ల. మా రామచంద్రపురం మార్కెట్‌కి తట్టతో వచ్చే ఒక అక్క దగ్గర పదేళ్లుగా చేపలు, పీతలు కొంటున్నాను. కార్తీకం వెళ్లాక ఒకరోజు మండపీతలు, అదే మడ బురదలో దొరికే పెద్ద పీతలు, కిలో 700 అంది. 500కి ఇవ్వమని పట్టుబట్టాను. ఎప్పుడూ నవ్వుతూ తగ్గించే మనిషి ఆ రోజు తగ్గించలేదు. "ఒక్కసారి మా ఊరొచ్చి పీత ఎలా పడతారో చూడండమ్మా. చూశాక మీరెంత ఇస్తే అంతే తీసుకుంటాను" అంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

ఊరి పేరు రాయొద్దని అక్క అడిగింది. వాళ్ల సరుకు కొనే షావుకారుకి తెలిస్తే ఇబ్బందట. గౌతమి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, మడ అడవి అంచున అరవై గడపల ఊరు అనుకోండి. రేవు నుంచి ఇంజను నావ మీద వెళ్లాలి. నావలో మనుషుల కంటే సామానే ఎక్కువ. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు. డీజిలు కూడా యానాంలోనే నింపుకుంటారు, ఆంధ్రా బంకులకంటే అక్కడ చవక. రేవులో 20 రూపాయలున్న నీళ్ల క్యాను ఊళ్లో దిగేసరికి 35 అయింది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి మాత్రం కొనుక్కోవాలి.

మా తాతగారు కాటన్ దొర పటానికి దండం పెట్టుకుని గానీ పొలానికి వెళ్లేవారు కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే మా వైపు కాలువలు, మూడు పూటలా అన్నం. గోదారి అంటే నాకు ఇంటి వెనక కాలువలో పారే తియ్యటి నీరే. అదే గోదారిని ఇక్కడ దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుంటే ఉప్పు. వరదలప్పుడు కొన్నాళ్లు తియ్యబడుతుందట. ఆ కొన్నాళ్లూ పీతలు దొరకవట.

మర్నాడు పొద్దున ఏడింటికి నిండు పోటు. పాటు మొదలై నీరు వెనక్కి తీయగానే బయల్దేరాం. వాళ్లకి గడియారంతో పని లేదు, తిథి తెలిస్తే చాలు. తిథి మారినప్పుడల్లా పోటు రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు, వెనక్కి జరుగుతుందని అక్క వాళ్లాయన లెక్క చెప్పాడు. మా ఇంట్లో పంచాంగం ముహూర్తాలకే తీస్తాం. చొల్లంగిలో స్నానాలు చేసే పుష్య అమావాస్య, మా వైపు చొల్లంగి అమావాస్య అంటాం, ఇంకా రెండు రోజులుంది. చీకటి రోజుల్లో పీత నిండుగా ఉంటుందని, వెన్నెల రోజుల్లో బోలుగా ఉంటుందని వాళ్ల నమ్మకం.

పాయలో నీరు తగ్గేకొద్దీ మడ చెట్ల కింద బురద బయటపడింది. దాంట్లోంచి వేలాది ఊపిరి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. చెప్పులు బురద లాగేసుకుంటుంది, వట్టి కాళ్లతోనే నడవాలి. పది అడుగులకే నా పాదాలు చీరుకుపోయాయి. అక్క పాదాలు చూశాను, పాత మచ్చలకి లెక్క లేదు. ఒకచోట అడ్డొచ్చిన కొమ్మని తొలగించబోతే అక్క నా చెయ్యి గట్టిగా లాగేసింది. "తిల్ల చెట్టమ్మా! పాలు కంట్లో పడితే చూపు పోతుంది."

వాళ్లాయన చేతిలో చివర కొక్కెంలా వంచిన ఇనుప ఊచ. కన్నం ముందు బురద తడిగా, కొత్తగా గీసుకున్నట్టు ఉంటే పీత లోపల ఉన్నట్టు. ఆయన బురదలో బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టేవాడు. ఊచకి పెంకు టక్కుమని తగలాలి. అప్పుడు కూడా గబుక్కున లాగకూడదు, డెక్క, అంటే ముందరి కొండి, విరిగితే ధర సగానికి పైగా పడిపోతుంది. నేను చూస్తుండగానే ఒక పీత కోసం అరగంట పైన పట్టింది. బయటికి రాగానే అక్క పాదంతో వీపు నొక్కిపెట్టి, రెండు డెక్కలూ మడిచి తాడుతో కట్టేసింది. తర్వాత పొట్ట కింద బొటనవేలితో నొక్కి చూసింది. లొంగితే కొత్తగా పెంకు మార్చుకున్న పీత, లోపల నీరు తప్ప మాంసం ఉండదు. అలాంటివీ, అరచేతికన్నా చిన్నవీ వదిలేశారు. నాలుగు గంటలు వెతికితే తొమ్మిది పీతలు చిక్కాయి.

సాయంత్రం షావుకారు మనిషి కాటా పట్టుకుని రేవుకొచ్చాడు. మూడు కిలోల ముప్పావు తూగితే తాళ్ల బరువని పావు కిలో కొట్టేశాడు. పెద్దవి ఒక్క కిలో, 650కి, మధ్యరకం రెండు కిలోలు 400 చొప్పున, ఇంత కష్టంలోనూ డెక్క విరిగిన ఒకటి అర కిలో, అది కిలో 200 లెక్కన. మొత్తం 1,550. అందులో 500 అప్పు కింద రాసుకుని 1,050 చేతిలో పెట్టాడు. ఆ రోజు డీజిలు 280. ఇద్దరు మనుషులకి మిగిలింది 770. వలకి, ఇంజనుకి షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లు సరుకు అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన ధరకే. ఆ పీతలు చెన్నై వెళ్లి, అక్కడి నుంచి ప్రాణాలతోనే విమానమెక్కి విదేశాలకి పోతాయి. వారానికి ఒకటి రెండు కిలోలు మాత్రం అక్క తన తట్టలో అమ్ముకోవచ్చు. నేను 200 తగ్గించమన్నది ఆ తట్టలోంచే. నాకు ఆ కాటా ముందు నిలబడడం కష్టమైంది.

రాత్రి దోమల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. అక్క 96 తుఫాను సంగతి చెప్పింది. 1996 నవంబరు 6. అప్పట్లో చెరువులవాళ్ల కోసం ఒడ్డున టైగర్ రొయ్య పిల్లలు పట్టేవారు. ఆ పనికి వెళ్లిన వాళ్లమ్మ తిరిగి రాలేదు. అక్కని, తమ్ముణ్ని నాన్న మడ చెట్టుకి చీరతో కట్టేశాడట. "చెట్టు వంగింది గానీ ఊడలేదండి." అంతకుముందు పొయ్యిలోకి మడ కొట్టుకొచ్చేవారు. 1978 నుంచే ఈ మడ అడవి అభయారణ్యం, అయినా కొట్టేవారు. తర్వాత వన సంరక్షణ సమితులు వచ్చాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి ఎండిపోయిన చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటు నీరు లోపలికి పంపి, మడ మొక్కలు నాటించాయి. అక్క ఆ కూలికి వెళ్లిందట. మధ్యాహ్నం మేం పీతలు పట్టిన చోటు ఆ మొక్కలదేనని అప్పుడు చెప్పింది. ఇప్పుడు అక్కడ చెట్లు నా తల మీదికి పెరిగాయి.

తిరిగొచ్చే రోజు గురించి రాయడానికేమీ లేదు. చొల్లంగిలో స్నానం చేసి వెళ్దామనుకున్నాను గానీ కాళ్ల నొప్పులకి కుదరలేదు.

రెండు వారాలయ్యాక మార్కెట్‌లో అక్క కనిపించింది. తట్టలో నాలుగు మండపీతలు. ధర అడక్కుండానే పర్సు తీశాను. అక్క ఒక పీతని తిరగేసి, పొట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల మీకు వద్దండి. పున్నమి పీతలు, లోపల నీరే. వచ్చే వారం తెస్తాను, ఆయ్."