48 కిలోబైట్లలో మాటల ఆట

పైనుంచి ఒక్కొక్కటిగా దిగే ఇంగ్లీషు అక్షరాలను ఎడమకో కుడికో జరిపి అడుగున పేర్చాలి. అడ్డంగానో నిలువుగానో మూడు లేదా అంతకన్నా ఎక్కువ అక్షరాల మాట కుదిరితే ఆ అక్షరాలు మాయమవుతాయి, కుదరకపోతే గుట్ట పెరిగి పైకప్పును తాకుతుంది. కొంతకాలంగా మా నల్లకుంట ఇంట్లో సాయంత్రాలన్నీ ఈ ఆటకే సరిపోతున్నాయి. దీన్ని మేము ఆడుతున్నది సింక్లెయిర్ సంస్థ 1982లో బ్రిటన్‌లో విడుదల చేసిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ మీద. లండన్‌లో చదువుకున్న మా బాబాయి దాన్ని తెచ్చిన కొన్నాళ్లకే అది అటకెక్కింది.

ఈ తరహా ఆటలన్నిటికీ మూలం టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని ఎలక్ట్రానికా 60 అనే యంత్రం మీద రాశాడు. ఆ యంత్రానికి బొమ్మలు గీసే సామర్థ్యం లేదు కనుక తొలి టెట్రిస్‌లోని దిమ్మలన్నీ బ్రాకెట్ గుర్తులతో కూర్చినవే. దిమ్మల స్థానంలో అక్షరాలను దింపే వర్డ్‌ట్రిస్ 1991లో పీసీల మీదికి వచ్చింది. నా దగ్గరున్నది ఆ కోవకు చెందిన చిన్న ఆట, ఎవరో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి వదిలేసినది.

యంత్రాన్ని బతికించడానికి కోఠీలో ఎలక్ట్రానిక్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లక తప్పలేదు. స్పెక్ట్రమ్ తన చిత్రాన్ని యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్ మీద పంపుతుంది. దాన్ని పట్టే టీవీని వెతకడం కన్నా చిత్రాన్ని ఛానల్ సంకేతంగా మార్చే లోపలి మాడ్యులేటర్‌ను తప్పించి, వీడియో తీగను నేరుగా బయటికి తీసి, పాత రంగుల టీవీ వెనుకనున్న పసుపు సాకెట్‌కు కలపడం తేలిక. అడాప్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దీనికి కావలసిన 9 వోల్టుల పిన్నులో మధ్యభాగం నెగటివ్, మన దుకాణాల్లో సాధారణంగా దొరికే వాటిలో అది పాజిటివ్. తీగలు తిప్పి టంకం వేయమని దుకాణదారుకు చెబితే, అలా వేస్తే వస్తువు కాలిపోతుందని అతను నన్నే హెచ్చరించాడు. వోల్టేజీని స్థిరంగా ఉంచే లోపలి 7805 రెగ్యులేటర్ మామూలుగానే బాగా వేడెక్కుతుంది కాబట్టి, హైదరాబాద్ మే నెలలో ఫ్యాను కింద తప్ప ఆడలేము.

ఆటను ఎక్కించేది ఇప్పుడు క్యాసెట్ కాదు, ఫోను. ఆటను శబ్దంగా దాచిన ధ్వని ఫైలును ఫోనులో పెట్టి, తీగను యంత్రం ఇయర్ సాకెట్‌లో గుచ్చి, జే మీట నొక్కగానే లోడ్ అనే ఆదేశం మొత్తంగా తెర మీద పడుతుంది. ముందు తెర అంచున ఎరుపు, ఆకాశనీలం చారలు వస్తాయి, ఆ తర్వాత నీలం, పసుపు చారలు సన్నగా పరుగెడతాయి. ఫోను శబ్దం కాస్త తగ్గినా టేప్ లోడింగ్ ఎర్రర్ అంటూ మళ్లీ మొదటికి తెస్తుంది.

ఇక ఆట సంగతి. మాటను నిలువుగా చదవవలసింది పైనుంచి కిందికి, అక్షరాలు పేరుకునేది కిందినుంచి పైకి. కాబట్టి నిలువు మాటను వెనుక నుంచి ముందుకు వేసుకురావాలి, అంటే చివరి అక్షరం ముందు దిగాలి. నాలుగక్షరాల మాటలకు ఇందులో మరో చిక్కు ఉంది. ఎస్, టీ, ఏ, ఆర్ అక్షరాలతో స్టార్ (STAR) అనే మాటను నిలువుగా కట్టబోతే, ముందు ఆర్, దాని మీద ఏ, దాని మీద టీ పడగానే టార్ అనే మూడక్షరాల మాట తయారై, ఎస్ రాకముందే అంతా మాయమవుతుంది. అదే మాటను అడ్డంగా కట్టాలంటే ఎస్, టీ పక్కపక్కన వేసి, ఒక గడి ఖాళీగా వదిలి, ఆర్ వేసి, చివరికి ఆ సందులో ఏ దింపాలి. ఏ కోసం ఎదురుచూస్తున్నంతసేపూ వచ్చే పనికిరాని అక్షరాలను ఎక్కడ దాచాలన్నదే అసలు ఆట. నాలుగక్షరాల మాటకు వచ్చే మార్కుల ఆశతో సందులు వదులుకుంటూ పోయేవాడు త్వరగానే మునుగుతాడు.

మా మేనల్లుడికి ఈ నియమం అన్యాయంగా తోచింది.

"మామయ్యా, కిందినుంచి పైకి చదివినా ఒప్పుకునేలా మార్చకూడదా?"

"మారిస్తే నువ్వు కళ్లు మూసుకుని ఆడినా గెలుస్తావు. ఇంక ఆడటమెందుకురా?"

ఆట నడుస్తుండగా క్యాప్స్ షిఫ్ట్‌తో కలిపి బ్రేక్ మీట నొక్కితే ప్రోగ్రామ్ ఆగి దాని లోపలి వరుసలన్నీ చూడనిస్తుంది. నాకు ఆటకన్నా ఈ వరుసలే ఎక్కువ ఆసక్తి కలిగించాయని దాచకుండా చెప్పగలను. రాసినవారు 26 అక్షరాలలో ఏదో ఒకటి యథాలాపంగా దింపలేదు. అలా దింపితే అచ్చులు ఐదో వంతుకు కూడా చేరవు, మాటలు కుదరవు. ఒక పొడవైన అక్షరాల వరుసలో ఈ (E), ఏ (A) వంటివాటిని పదేపదే, క్యూ, జెడ్ వంటివాటిని ఒక్కొక్కసారి రాసిపెట్టి, అందులోంచి ఒక స్థానాన్ని ఎంచుకునేలా చేశారు. స్క్రాబుల్ అనే మాటల ఆట పెట్టెలోని 98 అక్షరపు బిళ్లలలో అచ్చులు 42 ఉండటానికీ, ఈ (E) ఒక్కటే 12 ఉండటానికీ కారణం ఇదే.

జ్ఞాపకశక్తి దగ్గర యంత్రం పిసినారి. 48 కిలోబైట్లలో తెర ఒక్కటే 6,912 బైట్లు తీసుకుంటుంది, బేసిక్‌కు మిగిలేది సుమారు 41 కిలోబైట్లు. ప్రోగ్రామ్, నిఘంటువు రెండూ అందులోనే సర్దుకోవాలి. అక్షరానికి 5 బిట్లు (బైటుకు 8 బిట్లు) చాలు కనుక మూడక్షరాల మాటను 2 బైట్లలో కుదించవచ్చు, కాని ఈ ఆటలో అక్షరానికి ఒక బైటు చొప్పున నేరుగానే రాశారు. అందువల్ల పట్టిక చిన్నది. ఎమూ పక్షి అందులో లేదు. పట్టికను వరుసగా వెతకడం వల్ల ప్రతి అక్షరం దిగాక ఆట ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. కొన్నాళ్లు ఆడాక మనకు ఇంగ్లీషు ఎంత వచ్చునన్నది పక్కకు పోయి, ఆ పట్టికలో ఏమున్నదో గుర్తుంచుకోవడమే నేర్పవుతుంది. ఫోనులోని ఆటలకు లక్షల మాటలు తెలుసు, ఏది వేసినా ఒప్పుకుంటాయి. అందుకే అవి నాకు చప్పగా ఉంటాయి.

రంగుల సంగతిలో మాత్రం యంత్రంలోని లోటే కలిసివచ్చింది. స్పెక్ట్రమ్ తెర 32 నిలువు వరుసలు, 24 అడ్డ వరుసల గడులుగా ఉంటుంది, ఒక్కో గడి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. ఒక గడిలో రెండు రంగులకు మించి పట్టవు. బొమ్మలు కదిలే ఆటలలో ఒకదాని రంగు మరొకదానికి అంటుకునేది ఇందువల్లే. ఇక్కడ అక్షరం గడికి సరిగ్గా ఒకటి, గడి నుంచి గడికి గెంతుతూ దిగుతుంది కనుక రంగు ఎక్కడా చెదరదు.

ఇదంతా చూశాక తెలుగులో ఎందుకు చేయకూడదన్న ఆలోచన రాక మానలేదు. గుణింతాలు, ఒత్తులు ఉన్న అక్షరం 8 చుక్కల ఎత్తులో ఇమడదు, నాలుగు గడులు కలిపితే తప్ప క్ష్మి వంటిది కనబడదు. అయితే గళ్ల నుడికట్టులో లాగా గడికి ఒక అక్షరమే అనుకుని, ఒత్తులను వదిలేసి, తలకట్టు అక్షరాలకే పరిమితమైతే దారి ఉంది. స్పెక్ట్రమ్‌లో మనం గీసుకోవడానికి కేటాయించిన గుర్తులు 21 మాత్రమే. కాని యంత్రం జ్ఞాపకశక్తిలో 23606వ చిరునామాలోని విలువను మార్చి మొత్తం 96 గుర్తుల పట్టికనే మన సొంతం చేసుకోవచ్చు, అందుకు పట్టేది 768 బైట్లు.

పలక, గడప, నడక, మడత, తడక, మరక, కడప: ఇటువంటి మాటలు మా వాడు నోటు పుస్తకంలో రాస్తూ పోతున్నాడు. క, ల, ప అన్న వరుసలో దింపితే పైనుంచి చదివినప్పుడు పలక అవుతుందని, తిరగేసి దింపితే కలప అవుతుందని కనిపెట్టింది వాడే. జలజ, కనక, నటన ఎటునుంచి వేసినా ఒకటే. ఇంగ్లీషు ఆటలో చిరాకు పెట్టిన నియమం ఇక్కడ రెండు మాటలలో ఏది కావాలో ఎంచుకునే అవకాశమైంది.

తేలనిది సున్న సంగతి. దాన్ని విడి గడిగా దింపితే రంగం వంటి చిన్న మాట నాలుగు గడులవుతుంది, పైగా నిలువు వరుసలో ర కింద వేలాడే సున్నను చదవడం కష్టం. ముందున్న అక్షరంతో కలిపి గీస్తే రం, గం, పం అంటూ 96 గుర్తులలో పెద్ద భాగం వీటికే పోతుంది. ప్రస్తుతానికి కలిపే గీస్తున్నాను. సున్నతో కలిపిన గుర్తులలో ఏవేవి నిజంగా అవసరమో మా వాడి నోటు పుస్తకం చూసి లెక్కవేసి, మిగతావాటిని తీసేయాలి.