ఇంగువ వాసన, తేనెటీగల మాట

పొద్దున ఐదున్నరకే డాబా మీద చాప వేశాను. రాత్రి వాన పడినట్టుంది, పిట్టగోడ ఇంకా తడిగానే ఉంది. ముందు వృక్షాసనం, ఒంటికాలి మీద నిలబడేది. గోడ మీద పెచ్చు ఊడిన చోట చూపు నిలిపితే చాలాసేపు నిలబడగలను. ఈరోజు ఎందుకో కళ్లు మూసి చూద్దామనిపించింది. మూశానో లేదో చీలమండ వణికింది. బొటనవేలు నేలని పట్టుకుంటోంది, మడమ అటూ ఇటూ తూగుతోంది. ఒళ్లు తూలకుండా ఉండాలంటే కన్నూ, లోపలి చెవీ, కీళ్లూ కండరాలూ పంపే కబురూ మూడూ పనిచేయాలి. ఒకటి తప్పుకుంటే మిగతా వాటి మీద ఎంత బరువు పడుతుందో పాదానికి తెలిసొచ్చింది. పది లెక్కపెట్టేలోపే కాలు దించేశాను.

తర్వాత షణ్ముఖీ ముద్రలో, అంటే వేళ్లతో ముఖం మూసుకుని, భ్రామరి: ఊపిరి వదులుతూ తేనెటీగలా ఝుమ్మనడం. బొటనవేళ్లు చెవులకి, చూపుడువేళ్లు కళ్ల మీద, మధ్యవేళ్లు ముక్కు పక్కన, మిగతావి పెదవుల పైనా కిందా. అన్నీ మూసేశాననుకున్నాను. సరిగ్గా అప్పుడే కింద అమ్మ పులిహోరకి తాలింపు వేసింది. ముక్కు పూర్తిగా మూయం కదా, ఇంగువ వాసన మెట్లెక్కి వచ్చేసింది. ఇక మనసు వంటింట్లోకి దిగిపోయింది. శనగపప్పు వేగిందా, మిరపకాయలు మాడాయా...

మధ్యాహ్నం పతంజలి యోగసూత్రాలు తీశాను. యోగానికి చెప్పిన ఎనిమిది అంగాల్లో ప్రత్యాహారం ఐదోది, రెండో పాదం 54వ సూత్రం. ఇంద్రియాలు తమ విషయాలని వదిలి చిత్తం వెంట నడవడమే ప్రత్యాహారమట. దానికి వ్యాసభాష్యంలో, అంటే ఆ సూత్రాల పాత వ్యాఖ్యానంలో, ఇచ్చిన పోలిక దగ్గర ఆగిపోయాను: రాజు ఈగ ఎగిరితే తేనెటీగలన్నీ ఎగురుతాయి, అది వాలితే అన్నీ వాలతాయి. (మనం రాణి ఈగ అనేదాన్ని అప్పట్లో రాజనే అన్నారు.) చిత్తం, అంటే మనసు, ఆ రాజు ఈగ; ఇంద్రియాలు మిగతా ఈగలు. ఇన్నాళ్లూ నేను పెద్దదాన్ని వదిలేసి చిన్న ఈగల్ని ఒక్కొక్కటే తోలుతున్నాను. పొద్దున ఇంగువ మీద విసుక్కున్నందుకు బాధేసింది.

సాయంత్రం మళ్లీ కూర్చున్నాను. ఈసారి వేళ్లతో ఏదీ మూయలేదు. ఝంకారం ఎక్కడ పుడుతుందో దాని వెంటే ఉన్నాను. అంగిట్లో మొదలై, ముక్కు దూలం మీదుగా నుదుటి ఎముకలోకి సన్నగా పాకింది. ఊపిరి అయిపోయాక కూడా కాసేపు అక్కడే జుమ్మంది. పక్కింట్లో కుక్కర్ కూసింది. వినబడింది, అంతే. ఎన్ని కూతలో లెక్కపెట్టలేదని చాప చుట్టేటప్పుడు గుర్తొచ్చింది. రోజూ లెక్కపెడతాను.

కిందికి వెళ్తే పులిహోర ఇంకొంచెం మిగిలే ఉంది.